ఏడో తరగతి దగ్గర ఆగిన అస్గరీ

1992 జూన్‌లో మా ఇంట్లో రెండు సంగతులు జరిగాయి. అబ్బా నాకొక పాత అట్లాస్ సైకిల్ కొన్నాడు. మా బాజీ బడి మానేసింది. ఈ రెంటికీ సంబంధం ఉందని నాకు చాలా ఏళ్ళు తట్టలేదు.

మా మొహల్లాలో మస్జిద్ వెనక ఉర్దూ మీడియం బడి ఉండేది. ఏడో తరగతి వరకే. బాజీ ఆ ఏడు అక్కడ ఏడు పాసైంది. అదే బడిలో నేను ఐదు పాసయ్యాను. ఊరికి అవతల, నాలుగు కిలోమీటర్ల దూరంలో సర్కారు హైస్కూలు. అది తెలుగు మీడియం. తెలుగు వస్తేనే నౌక్రీ అని అబ్బా నన్ను తీసుకుపోయి అక్కడ ఆరో తరగతిలో వేశాడు. బాజీకి నౌక్రీ మాట ఎవరూ ఎత్తలేదు కాబట్టి తెలుగు మాటా ఎవరూ ఎత్తలేదు. సైకిల్ నా ఎత్తుకు పెద్దది. అడ్డకర్ర కింది నుంచి కాలు దూర్చి కైంచీ తొక్కుడు తొక్కుతూ పోయేవాణ్ణి. మరుసటేడుకు సీటు అందింది. వెనక క్యారియర్ ఖాళీగానే ఉండేది. దాని మీద బాజీని కూర్చోబెట్టుకుని పోవచ్చు కదా అని అబ్బాకు తోచలేదు, అమ్మీకి తోచలేదు, నాకూ తోచలేదు. ఆమె అమ్మీ పక్కన ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుట్టడానికి కూర్చుంది.

ఆ ఏడు డిసెంబర్ 6న బాబ్రీ మసీదు కూల్చారు. మా ఊళ్ళో గొడవలేమీ కాలేదు గానీ నాలుగు రోజులు దుకాణాలు బందయ్యాయి. అప్పుడు అమ్మీ అంది: ‘చూసిన్రా, పిల్లను పంపకపోవుడే మంచిదైంది.’ డిసెంబర్‌లో జరిగింది జూన్‌లో చేసిన పనికి కారణమైపోయింది. తర్వాత నన్నెవరైనా మీ అక్క ఎందుకు చదవలేదని అడిగితే నేనూ అదే చెప్పేవాణ్ణి: ఆ గొడవల్లో మాన్పించారండీ అని. ఒక వ్యాసంలో అట్లాగే రాశాను కూడా. అది అబద్ధం. మా బాజీ చదువును కరసేవకులు ఆపలేదు, మౌల్వీ ఆపలేదు. నాలుగు కిలోమీటర్ల దారి ఆపింది, ఆ దారికి మేం కొన్న ఒక్క సైకిల్ నాకే ఇచ్చుకోవడం ఆపింది.

ముస్లిం ఆడపిల్లల చదువు గురించి ఉర్దూలోనూ తెలుగులోనూ వచ్చిన రాతల్ని ఇవాళ నేను ఆ సైకిల్ మీద నుంచి చదవాలనుకుంటున్నాను. ఇరవై ఏళ్ళుగా ఈ రెండు భాషల పత్రికల్లో పనిచేస్తున్నవాణ్ణి కనుక ముందు మా వృత్తి సంగతే చెబుతాను. పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజున బుర్ఖా వేసుకున్న పిల్లకు మంచి మార్కులొస్తే రెండు భాషల పత్రికలూ ఫొటో వేస్తాయి. ఉర్దూ పత్రికకు ఆ పిల్ల ఖౌమ్ పరువు నిలబెట్టిన బేటీ. తెలుగు పత్రికకు ఆమె బుర్ఖాలో ఉండి కూడా చదివిన అమ్మాయి. ఆ ‘ఉండి కూడా’ అన్నదాంట్లోనే వాళ్ళ సిద్ధాంతమంతా ఉంది. అదే ఊళ్ళో ఆ పిల్లతో పాటు ఏడు చదివి తొమ్మిదికి రాని పిల్లలెందరో రెండు పత్రికలకూ అక్కర్లేదు. రానివాళ్ళకు ఫొటో ఉండదు గదా.

ఇక పుస్తకాల దగ్గరికి వస్తాను. ఉర్దూలో ఆడపిల్ల చదువు గురించిన మొదటి పెద్ద పుస్తకం డిప్యూటీ నజీర్ అహ్మద్ రాసిన ‘మిరాతుల్ ఉరూస్’. 1869లో వచ్చింది. తన కూతుళ్ళ కోసం రాశాడు. ప్రభుత్వం వెయ్యి రూపాయల బహుమతి కూడా ఇచ్చింది. ఈ నజీర్ అహ్మద్ మనకు పరాయివాడేమీ కాదు. 1877లో సాలార్ జంగ్ పిలిస్తే హైదరాబాద్ వచ్చి కొన్నేళ్ళు నిజాం సర్కారులో పనిచేశాడు. నవలలో అక్బరీ, అస్గరీ అక్కాచెల్లెళ్ళు. ఇద్దరూ ఒకే ఇంటి అన్నదమ్ములను చేసుకుంటారు. అక్బరీకి చదువూ లేదు, పొందికా లేదు. కాపురం చెడగొట్టుకుంటుంది. అస్గరీ చదువుకున్నది. వంటమనిషి మామా అజ్మత్ లెక్కల్లో చేస్తున్న మోసాన్ని పట్టుకుంటుంది, తండ్రికి ఉత్తరాలు రాస్తుంది, భర్తను పైకి తెస్తుంది. చివరికి ఇంట్లోనే మొహల్లా ఆడపిల్లలకు బడి నడుపుతుంది. ఉర్దూ ఇళ్ళలో తరాల తరబడి ఈ పుస్తకం చదివారు. పెళ్ళికూతురికి ఇచ్చి పంపినవాళ్ళూ ఉన్నారు.

తెలుగు చదువరులు దీన్ని తురకల ఇంటి సంగతి అనుకుంటే పొరపాటు. 1874లో ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టిన కందుకూరి వీరేశలింగం 1883లో ‘సతీహితబోధిని’ పత్రిక పెట్టాడు. స్త్రీవిద్య కోసం ‘సత్యవతీ చరిత్రము’ రాశాడు. చదువుకున్న కోడలు ఇంటిని ఎట్లా చక్కదిద్దుతుందో చెప్పే కథ అది. ఢిల్లీ అస్గరీనీ గోదావరి సత్యవతినీ పక్కపక్కన కూర్చోబెట్టి చూడండి. ఒకరి తలమీద దుపట్టా, ఒకరి తలమీద కొంగు. అంతకు మించి తేడా నాకు కనిపించలేదు. ఇద్దరి చదువూ ఇల్లు బాగుపడటానికే. ఈ మాట ఆ కాలంలో అవసరమై ఉండవచ్చు. కూతురికి అక్షరం చెబితే కొంప మునుగుతుందనే తండ్రికి, కాదయ్యా కొంప నిలబడుతుందని నచ్చజెప్పాల్సి వచ్చింది. కానీ ఈ వాదంలోనే ఒక కొలత దాగి ఉంది. ఇల్లు చక్కబెట్టడానికి ఎంత చదువు కావాలి? ఖురాన్ నాజిరా చదవాలి, చాకలి పద్దు రాయాలి, ఉత్తరం చదవాలి. దీనికి ఐదు చాలు, ఏడైతే ఎక్కువే. మా మొహల్లాలో దుబాయ్ నుంచీ సౌదీ నుంచీ మగవాళ్ళ ఖతులు వచ్చే కాలంలో, ఖత్ చదివి జవాబు రాసేంత చదువు పిల్లకు చాలు అని పెద్దవాళ్ళు నా ఎదుటే అనేవారు. వాళ్ళలో ఎవరూ నజీర్ అహ్మద్‌ను చదవలేదు. చదవక్కర్లేదు. ఆ పుస్తకం అప్పటికే గాలిలో కలిసిపోయింది.

ఆ కొలత ఇంకా బిగిసింది కూడా. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మౌలానా అష్రఫ్ అలీ థానవీ ‘బిహిష్తీ జేవర్’ రాశాడు. ఆడవాళ్ళు తప్పకుండా చదువుకోవాలి, దీన్ తెలుసుకోవాలి అన్నాడు. అయితే ఆ చదువు ఇంట్లోనే కావాలన్నాడు. చదవకూడని పుస్తకాల జాబితాలో నజీర్ అహ్మద్ నవలలు కూడా చేర్చాడు. అంటే మన ఇళ్ళలో పెళ్ళికూతుళ్ళకు ఇచ్చిన ఈ రెండు పుస్తకాలూ ఒకదానితో ఒకటి పోట్లాడుకున్నవే. అయినా ఒక్క విషయంలో కలిశాయి. పిల్ల చదివే చోటు ఇల్లు. అస్గరీ బడికి వీధి లేదు. పిల్లలు పక్క గుమ్మాల నుంచి వచ్చి కూర్చుంటారు. నవలలో ఎక్కడా బడికి దారి రాదు.

అయిదో తరగతి చదువుకు ఇది సరిపోతుంది. మొహల్లాకొక బడి పెట్టుకోవచ్చు, ఉస్తాదీబీ ఇంట్లోనే చెప్పవచ్చు. పదో తరగతి చదువు అట్లా కాదు. అక్కడ సైన్సుకొక టీచరు, లెక్కలకొక టీచరు, ఒక ప్రయోగశాల కావాలి. అది మొహల్లాకొకటి రాదు, ఊరికొకటి, మండలానికి నాలుగు వస్తాయి. సెకండరీ చదువంటేనే పిల్ల ఇల్లు దాటి దారి నడవడం. అందుకే మన పాత సంస్కరణ అంతా సరిగ్గా అక్కడికొచ్చి ఆగిపోయింది. బాజీ ఏడు చదివి ఆగిపోవడం సంస్కరణ విఫలం కావడం కాదు. ఆ సంస్కరణ అనుకున్నంత వరకే జరిగింది.

దారి సంగతి మొదట రాసింది ఒక ఆడమనిషి. బెంగాల్‌కు చెందిన రొకేయా సఖావత్ హుస్సేన్ భర్త పోయిన ఏడే, 1909లో, ఆయన విడిచిన డబ్బుతో భాగల్‌పూర్‌లో ఆడపిల్లల బడి తెరిచింది. 1911లో కలకత్తాలో ఎనిమిది మంది పిల్లలతో మళ్ళీ మొదలుపెట్టింది. పిల్లలు రావాలంటే బండి కావాలి. ఆమె 1931లో అచ్చయిన ‘అవరోధ్‌బాసిని’లో ఆ బడి బస్సు కథ చెప్పింది. పర్దా కోసం బస్సును అన్ని వైపులా మూసేశారు. లోపల చీకటి, గాలి లేదు. పిల్లలు సొమ్మసిల్లారు, వాంతులు చేసుకున్నారు. సరే, రెండు వైపులా తెరలు కట్టి గాలి రానిస్తే, ఆ తెరలు గాలికి ఎగిరి పర్దా పోతోందని ముస్లిం పెద్దమనుషులు బెదిరిస్తూ ఉత్తరాలు రాశారు. ఇటు చూస్తే పిల్ల ఊపిరి, అటు చూస్తే పెద్దమనిషి పరువు.

ఈ కథను మన లౌకిక మిత్రులు పర్దా దుర్మార్గానికి ఉదాహరణగా చెబుతారు. అది నిజమే. నేను ఇంకొకటి కూడా చూస్తున్నాను. రొకేయా ముందు పర్దా మీద గెలిచి తర్వాత బడి పెడదామనుకోలేదు. పర్దాతో సహా పిల్లను బస్సెక్కించింది. తెర ఎంత ఉండాలో బస్సు కదిలాక తేల్చుకుందామనుకుంది. పిల్ల తలమీద ఏముందన్నది ఆమెకు రెండో ప్రశ్న. పిల్ల బడికి చేరిందా లేదా అన్నది మొదటి ప్రశ్న. మనం తొంభై ఏళ్ళ తర్వాత కూడా ఈ రెండు ప్రశ్నలనూ తలకిందులుగా పట్టుకుని తిరుగుతున్నాం.

మన హైదరాబాద్‌లోనూ దారి వేసినవాళ్ళున్నారు. 1907లో మహబూబియా బాలికల పాఠశాల వచ్చింది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతో మొదలైతే, 1924లో నాంపల్లిలో ఆడపిల్లల కాలేజీ వచ్చింది. అదే తర్వాత కోఠీ ఉమెన్స్ కాలేజీ, ఇవాళ చాకలి ఐలమ్మ పేరుతో మహిళా విశ్వవిద్యాలయం. 1934లో సుగ్రా హుమాయూన్ మీర్జా తన సొంత ఆస్తితో మద్రసా సఫ్దరియా పెట్టి ఆడపిల్లలకు చదువుతో పాటు చేతిపనులూ నేర్పించింది. ఆమె రచయిత్రి, పత్రికా సంపాదకురాలు. మన ముస్లిం స్త్రీల గురించి రాసే తెలుగు వ్యాసాల్లో ఆమె పేరు ఎంత అరుదుగా వస్తుందో మీరే చూడండి. అయితే ఇదంతా షహర్ సంగతి, అందులోనూ బగ్గీలు, మోటార్లు ఉన్న ఇళ్ళ సంగతి. జిల్లాల్లో దర్జీ కూతురికీ, దూదేకుల పిల్లకూ, కసాయి ఇంటి పిల్లకూ ఆ బగ్గీ రాలేదు. 1948 తర్వాత ఉర్దూ దఫ్తర్ల నుంచి పోయింది, ఉస్మానియా నుంచీ పోయింది. ప్రాథమిక బడుల్లో మాత్రం మిగిలింది. అంతకుముందు ఉర్దూలో అక్షరం దిద్దిన పిల్లకు అదే భాషలో బీఏ దాకా ఒక దారైనా కాగితం మీద ఉండేది. తర్వాత ఆ దారి ఐదు దగ్గరో ఏడు దగ్గరో తెగిపోయింది. తెగిన చోట తెలుగు అనే వాగు దాటాలి. అబ్బాయి నౌక్రీ కోసం దాటతాడు. అమ్మాయిని ఎందుకు దాటించాలి?

ఇప్పుడు ఈ ఏడుకూ ఎనిమిదికీ మధ్య నిలబడి చూద్దాం. 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ళ వరకు, ఎనిమిదో తరగతి దాకా చదువును హక్కు చేసింది. అక్కడితో హక్కు అయిపోతుంది. సరిగ్గా పిల్ల బాలిగ్ అయ్యే వయసు దగ్గర, ఇంట్లో అనుమానాలు మొదలయ్యే దగ్గర చట్టం కూడా చేయి వదిలేస్తుంది. అదే ఏడు మొదలైన మాధ్యమిక శిక్షా అభియాన్, ప్రతి ఊరికీ అయిదు కిలోమీటర్ల లోపు ఉన్నత పాఠశాల ఉండాలని లక్ష్యం పెట్టుకుంది. అయిదు కిలోమీటర్లు! దఫ్తర్‌లో మ్యాపు మీద స్కేలు పెట్టి కొలిచినవాడికి అది దగ్గరే. పదమూడేళ్ళ పిల్ల పుస్తకాల సంచీతో కల్లు కంపౌండ్ ముందు నుంచి, ఇసుక లారీల పక్కనుంచి, చీకటి పడే వేళకు తిరిగి రావాల్సిన అయిదు కిలోమీటర్లు వేరు. బడికి చేరితే అక్కడ మరుగుదొడ్డి లేకపోవడమో, ఉన్నా నీళ్ళు లేకపోవడమో. ప్రతి నెలా మూడు రోజులు బడి మానే పిల్ల ఆ ఏడు పరీక్ష దగ్గరికి వచ్చేసరికి పూర్తిగా మానేస్తుంది. ఇది మా పిల్లలకే కాదు, పక్క మాదిగవాడ పిల్లకూ ఇంతే.

మాకు అదనంగా ఉన్నది మీడియం. ఉర్దూ మీడియం హైస్కూలు ఉన్న చోట కూడా లెక్కల టీచరుండడు, సైన్సు టీచరుండడు. ఎందుకో చాలామందికి తెలియదు. డీఎస్సీలో అందరికీ ఉన్న రోస్టరే ఉర్దూ మీడియం పోస్టులకూ వర్తిస్తుంది. ఎస్సీ, ఎస్టీలకు కేటాయించిన పోస్టుకు ఉర్దూ మీడియం అర్హత ఉన్న అభ్యర్థి దొరకడు. పోస్టు ఖాళీగా మిగులుతుంది, వచ్చే డీఎస్సీకి పోతుంది, మళ్ళీ మిగులుతుంది. దళితుల హక్కును వేలెత్తి చూపే మాట కాదిది. ఆ పోస్టు దళితుడికీ అందలేదు, మా పిల్లకూ అందలేదు. అంతే పోస్టును వాళ్ళకు వాళ్ళ మీడియంలో ఇచ్చి దీన్ని నింపడం ఏ సర్కారుకూ చేతకాని పని కాదు. అడిగేవాళ్ళు లేరు. ఉర్దూ ప్రేమికులు ముషాయిరాలకు గ్రాంటు అడుగుతారు, ఉర్దూ అకాడమీ కుర్చీ అడుగుతారు. హైస్కూల్లో లెక్కల టీచరును అడగరు. వాళ్ళ పిల్లలు ఇంగ్లీషు మీడియంలో ఉన్నారు.

చివరిది చాట. బీడీల పని, పాతబస్తీలో లక్క గాజులు, కార్చోబ్, అగర్‌బత్తీలు ఇవన్నీ ఇంట్లో కూర్చుని చేసే పనులు. పర్దా ఉన్న ఇంటికి పని ఇంటికే వస్తుంది, చౌకగా వస్తుంది. పర్దా వల్ల ఎవరికి లాభమని అడిగేవాళ్ళు మౌల్వీని ఒక్కణ్ణే చూస్తారు. కార్ఖానా వాణ్ణి కూడా చూడాలి. మా వైపు పెళ్ళిచూపుల్లో పిల్ల రోజుకు ఎన్ని బీడీలు చుడుతుందని అడిగేవారు. ఎన్ని తరగతులు చదివిందని అడిగినవాణ్ణి నేను చూడలేదు. పిల్ల ఎనిమిదికి పోతే ఇంటికి ఆ రోజు కూలి పోతుంది. తొమ్మిది, పది అయ్యాక తిరిగి వచ్చేదేమిటో ఎవరూ చెప్పలేరు.

ఇదంతా నా ఇంటి అనుభవాన్ని ఖౌమ్‌కు అంటగట్టడం కాదు. 2004లో జోయా హసన్, రీతూ మెనన్ ముస్లిం స్త్రీల సర్వే మీద రాసిన ‘అనీక్వల్ సిటిజన్స్’లో చదువుకు పెద్ద అడ్డంకి మతం కాదు, పేదరికం అని తేల్చారు. 2006 నవంబర్‌లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక, 6 నుంచి 14 ఏళ్ళ ముస్లిం పిల్లల్లో నూటికి ఇరవై అయిదు మంది బడి ముఖం చూడనివాళ్ళో మానేసినవాళ్ళో అని చెప్పింది. మద్రసాలకు పోయే పిల్లలు నూటికి మూడు నలుగురే అనీ చెప్పింది. ముస్లిం తల్లిదండ్రులకు చదువంటే అయిష్టం లేదు, ఆడపిల్లలకు దగ్గర్లో బడులు, హాస్టళ్ళు, ఆడ టీచర్లు లేరు అనీ రాసింది. కేరళ చూడండి. మలబారులో తలమీద గుడ్డ కప్పుకునే పిల్లలే బస్సులెక్కి పదో తరగతి దాటి కాలేజీలకు పోతున్నారు. అదే ఖురాన్, దాదాపు అదే ముసుగు. తేడా అంతా నడిచిపోయే దూరంలో బడి ఉండటంలో, బడి పెట్టడం తమ పని అని అక్కడి సమాజమూ సర్కారూ అనుకోవడంలో ఉంది.

మరి మన సాహిత్యం ఏం చేసింది? 1991లో ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’, 1998లో ‘జల్‌జలా’, 2004లో ‘వతన్’ కథలు, 2005లో షాజహానా ‘నఖాబ్’. ఈ పుస్తకాలు లేకపోతే నాలాంటివాడు తెలుగులో ముస్లింగా మాట్లాడగలిగేవాడు కాదు. ఆ రుణం ఒప్పుకుంటూనే చెబుతున్నాను. మా మగవాళ్ళం అమ్మీ, బాజీల మీద రాసిన కవిత్వంలో ఆడమనిషి ఎక్కువగా ఒక గుర్తుగానే వచ్చింది. గాయపడ్డ ఖౌమ్‌కు గుర్తు, పేదరికానికి గుర్తు, ఒక్కోసారి మా అపరాధ భావానికి గుర్తు. చాట మీద వంగిన ఆమె వీపు గురించి నేనే రాశాను. చప్పట్లు కొట్టారు. ఆమె టీసీ ఏమైందని రాయలేదు. ఆ టీసీ బడి నుంచి ఎవరూ తెచ్చుకోలేదు, అక్కడే ఉండిపోయింది. ఆడవాళ్ళు కలం పట్టాక గానీ ఇంటి లోపలి లెక్క బయటకు రాలేదు. పర్దా గురించి తోటి ముస్లిం స్త్రీ అడిగిన ప్రశ్నకు మేము, ఖౌమ్ మీద దాడి జరుగుతుంటే ఇది సమయమా అని జవాబిచ్చాం. దాడి జరగని సమయం ఎప్పుడొచ్చింది?

లౌకికవాదుల తప్పు ఇంకో రకం. వాళ్ళ కథల్లో ముస్లిం పిల్ల ముసుగు తీసిన క్షణమే విముక్తి. ఆ తర్వాత ఆమె ఏ బడికి పోయింది, ఫీజు ఎవరు కట్టారు అన్నది కథకు అక్కర్లేదు. 1991లో హైదరాబాద్ పిల్లను ఒక ముసలి అరబ్ షేక్ నిఖా చేసుకుని తీసుకుపోతుంటే విమానంలో ఎయిర్‌హోస్టెస్ చూసి ఆపింది. దేశమంతా పత్రికలు రాశాయి. ఆ పిల్ల వయసు పదేళ్ళన్నారు. షేక్ గడ్డం గురించి రాశారు, తండ్రి పేదరికం గురించి రాశారు. పదేళ్ళ పిల్ల ఆ రోజు ఉండాల్సిన చోటు బడి కదా, ఆ మొహల్లాలో బడి ఎట్లా ఉందని పోయి చూసినవాళ్ళు తక్కువ. ఈ చూపు ఎక్కడిదాకా పోతుందో 2022లో కర్ణాటకలో చూశాం. హిజాబ్ తీస్తేనే లోపలికి అన్నారు. గేటు దాకా నడిచి వచ్చిన పిల్లలను, అంటే ఇల్లూ దారీ పేదరికమూ అన్నీ దాటి వచ్చినవాళ్ళను, సర్కారే వెనక్కి పంపింది. మార్చి 15న హైకోర్టు దాన్ని సమర్థించింది. అక్టోబర్ 13న సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జీలు రెండు తీర్పులిచ్చారు. వాళ్ళలో జస్టిస్ ధూలియా, ముందు ఆ పిల్ల చదువు సంగతి చూడాలన్నారు. రొకేయా మొదటి ప్రశ్న అదే. ఆ పిల్లలకు హిజాబ్ వేసుకోమని చెప్పే హక్కు నాకు లేదు. తీయమనే హక్కూ లేదు. గేటు తెరిచి ఉండాలని అడిగే బాధ్యత మాత్రం ఉంది.

ఈ పదేళ్ళలో దారి కొంత మారింది, కాదనను. 2016లో తెలంగాణలో మైనారిటీ గురుకులాలు 71తో మొదలై తర్వాత 204 అయ్యాయి. దాదాపు సగం ఆడపిల్లలవి. ఉండటానికి చోటు, తిండి, ఇంగ్లీషు మీడియం అంటే మా మొహల్లా తండ్రులే దరఖాస్తులు పట్టుకుని తిరిగారు. ముస్లింలు ఆడపిల్లను హాస్టల్‌కు పంపరన్న మాట అప్పుడేమైంది? 2023 డిసెంబర్ నుంచి తెలంగాణలో, 2025 ఆగస్టు నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్ళకు బస్సు ఉచితం. బస్సు వచ్చే ఊరికి ఇది గొప్ప సంగతి. బీహార్‌లో 2006 నుంచి తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్ళకు డబ్బిచ్చారు. బడి మూడు కిలోమీటర్లకు పైన ఉన్న ఊళ్ళలోనే దానికి ఎక్కువ ఫలితం కనబడిందని ఆర్థికవేత్తలు లెక్కతేల్చారు. ఆ వార్త చదివిన రోజు నేను పనిచేసుకోలేకపోయాను.

ఇంకోవైపు చూడండి. 2022-23 నుంచి కేంద్రం ఒకటి నుంచి ఎనిమిది వరకు మైనారిటీ పిల్లల స్కాలర్‌షిప్పు ఆపేసింది. తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఆడపిల్లలకు బేగం హజ్రత్ మహల్ పేరుతో స్కాలర్‌షిప్పు ఇచ్చే మౌలానా ఆజాద్ ఫౌండేషన్‌ను 2024లో మూసేయమన్నారు. మన రాష్ట్రంలో 2014లో షాదీ ముబారక్ వచ్చింది. 51 వేలతో మొదలై 2018లో 1,00,116 అయింది. పద్దెనిమిది నిండాలన్న షరతు మంచిదే. దాని కోసం ఆగిన పెళ్ళిళ్ళు ఉన్నాయి. కానీ ఆ ఆగిన మూడు నాలుగేళ్ళు పిల్ల ఇంట్లోనే కూర్చుంటే ఏం లాభం? పెళ్ళినాడు లక్ష ఇచ్చే సర్కారు, తొమ్మిదో తరగతిలో చేరిన నాడు ఏమిచ్చింది అని అడగాలి. అస్గరీ చదువుకు లక్ష్యం పెళ్ళే అని 1869లో నజీర్ అహ్మద్ అనుకున్నాడు. ఇవాళ్టి సర్కారు పద్దు కూడా అదే అనుకుంటోంది.

ఆఖరికి ఇళ్ళ సంగతి. ఇప్పటికీ మా చుట్టాల ఇళ్ళలో కొడుకు ఫీజులు కట్టే ఇంగ్లీషు మీడియం కాన్వెంట్‌లో, కూతురు ఫీజు లేని ఉర్దూ బడిలో. మాతృభాష కాపాడే భారం కూతురి మీద వేసి దానికి ఖౌమ్ పరువని పేరు పెట్టాం. ఉర్దూ మీద ప్రేమ ఉంటే కొడుకును కూడా అక్కడ వేయండి. అప్పుడు చూద్దాం లెక్కల టీచరు రాకుండా ఎన్నాళ్ళుంటాడో.

ఈ వ్యాసం రాసి బాజీ దగ్గరికి తీసుకుపోయాను. ఆమె తెలుగు మాట్లాడుతుంది గానీ చదవలేదు. ఇన్నేళ్ళూ ఆమె గురించి ఆమె చదవలేని భాషలో రాశానన్న సంగతి కాగితాలు చేతిలో పట్టుకుని కూర్చున్నప్పుడు గానీ నాకు తెలిసిరాలేదు. మా బోలీలోకి మార్చి చదివి వినిపించాను. నజీర్ అహ్మద్ మాట వచ్చినప్పుడు నవ్వింది. ఆ కథ నానీ చెప్పేది అంది. సైకిల్ మాట వచ్చినప్పుడు ఏమీ అనలేదు. అంతా విన్నాక అంది: ‘ఆగిపోయింది, ఆగిపోయింది అని నాలుగుసార్లు రాసినవ్. ఏడుల నేను ఫస్ట్ వచ్చిన. అది ఏడ రాసినవ్?’

అందుకని రాస్తున్నాను. 1992లో మా బడిలో ఏడో తరగతిలో అందరికంటే ఎక్కువ మార్కులు మా బాజీకి వచ్చాయి. ఈ సంగతి నాకు అప్పుడే తెలుసు. ఇన్ని వ్యాసాల్లో ఒక్కదాంట్లోనూ రాయలేదు.